చింతపండు పెట్టి తోమిన రూపాయలు

"నానమ్మా, ఈ పెట్టెలో ఏలకులూ లవంగాలూ పోసుకున్నావు సరే, లోపల ఇన్ని గుండ్రటి గుంటలు ఎందుకున్నాయి?"

ఆ పెట్టా? ఇంట్లో ఇన్ని సామాన్లుంటే నీ కళ్ళు దాని మీదే పడ్డాయీ. ఉండు, ఆ ఫోను కాస్త ఇటు జరుపు, నా గొంతు ఇదివరకటిలా లేదు. ఏటీ, ఈ దీవి భాష క్రియోలు మాట్లాడకూడదా? మీ మేష్టారు అలా చెప్పేరా. సరే మరి. మా నాన్న ఇక్కడే వకోవాలో సాయంకాలం బడిలో తెలుగు చెప్పేవాడు కాబట్టి నాకు ఈ మాత్రం వచ్చు. మా వీధిలో తక్కిన ముసలమ్మల్ని అడిగి చూడు, దండాలూ దీవెనలూ అయిపోయేక అందరూ క్రియోల్లోకి దిగిపోతారు. నాకూ మధ్యలో ఓ ముక్క జారిందంటే నువ్వే కోసెయ్యి.

ఆ పెట్టె మీ తాతది. క్యూర్‌పైప్‌లో ఒక వడ్రంగి చేత చేయించేడు. లోపల నీలం మఖమల్ గుడ్డ ఉండేది, బొద్దింకలు కొట్టేసేయి. నలభై గుంటలు. కాదు కాదు, నలభై ఒకటి, మధ్యలో పెద్దది ఒకటుంది చూడు. గుంటకో రూపాయి. ఇప్పటి రూపాయి కాదమ్మా, ఇండియాలో తెల్లవాళ్ళ రాజ్యం ఉన్నప్పటి వెండి రూపాయి. ఒకవైపు రాజు తలో రాణి తలో ఉంటాది, రెండోవైపు పూలతీగా అక్షరాలూ. మన పాతవాళ్ళు ఓడెక్కి చెరకు పనికి వచ్చినప్పుడు మొలకి కట్టుకుని తెచ్చుకున్నారు. ఒకప్పుడు ఈ దేశంలో కూడా అవే చెల్లేవిట, తరవాత ఇక్కడి రూపాయలు వేరే వచ్చేయి. దాంతో అవి చెల్లక, పారెయ్యలేక, పెట్టెల అడుగున పడున్నాయి. ఆడవాళ్ళు కొందరు కొక్కెం అతికించుకుని మెళ్ళో వేసుకునేవారు.

మీ తాతని చేసేడు, తెచ్చేడు అంటున్నానని అలా చూస్తున్నావేటి? బతికున్నంతకాలం "ఆయన వచ్చేరు, ఆయన తిన్నారు" అని నోరారా అన్నాను. పోయి ఇన్నేళ్ళయింది, ఇప్పుడు నా ఇష్టం.

మీ తాత నరసయ్య క్యూర్‌పైప్‌లో ఒక సర్కారు ఆఫీసులో క్లర్కు. పొద్దున్నే మొదటి బస్సు, చంకలో గొడుగు. ఆ ఊళ్ళో వాన ఎప్పుడు ఆగుతాదో దేవుడికే తెలీదు కదా. అప్పట్లో క్లర్కు ఉద్యోగం అంటే తమాషానా, పెళ్ళి చూపులకి మా నాన్న వచ్చి మీ తాతని చూడలేదు, ఆయన కోటుని చూసి వెళ్ళిపోయేడు. బియ్యం అప్పుడు పౌను ఎంతుండేదో... పోనీలే, ధరల్లోకి వెళ్తే ఇంక ఇవాళ తేలం.

ఆ ఆఫీసుకి పెద్ద ఎవరంటే ఇంగ్లీషు దొర. దొరలు మారుతుండేవారు. మీ తాత ఏ దొర వస్తే ఆ దొర మనిషి. ఒక దొరకి గులాబీలంటే ఇష్టం. మీ తాత పెరట్లో ఆనపపాదు పీకేసి గులాబీలు నాటేడు, ఆ వానకి అన్నీ కుళ్ళిపోయేయి, ఆనపకాయా పోయింది. తరవాతి దొరకి కుక్కలంటే ఇష్టం. ఓ కుక్కని తెచ్చేడు, అది మా అత్తని కరిచింది. మూడో దొరకి ఈ పాత నాణేలు. ఇండియా నాణేలే, వేరేవి ముట్టుకోడుట. టీ తాగుతూ భూతద్దం పెట్టి చూసుకునేవాడుట, పక్కన ఎవరు నిలబడితే వాళ్ళకి ఇది ఏ టంకశాల, అది ఏ రాణి అని చెప్పేవాడుట. పక్కన ఎవరు నిలబడేవారో నీకు చెప్పక్కర్లేదు కదా.

మరి ఎందుకింత పాకులాట అంటే, అదే అసలు సంగతి. తెల్లవాళ్ళు వెళ్ళిపోతారు, మన జెండా వస్తాది అని అప్పటికే ఊరంతా మాట. వాళ్ళ ఆఫీసులో హెడ్ క్లర్కు ముసలాయన దిగిపోయే రోజు దగ్గర పడింది. ఆ కుర్చీలో ఎవరు కూచోవాలో దొర వెళ్ళేముందు పేరు రాసి వెళ్తాడు. ఆ పేరు తనదే కావాలి. మీ తాత రోజూ అన్నం ముందు కూచుని నాకు అదే చెప్పేవాడు. హెడ్ క్లర్కయితే ఇంటి మీద రేకు తీసేసి కాంక్రీటు వేయిస్తాట్ట, తుఫాను వచ్చినప్పుడల్లా మేము గోడకి ఆనుకుని కూచోనక్కర్లేదుట. అది విని నేనూ ఆశపడ్డానమ్మా, నేను మాత్రం రాయినా.

అదిగో అలా నాణేలు పోగెయ్యడం మొదలెట్టేడు. ఎలా పోగేసేడంటే, మన వాళ్ళిళ్ళల్లో శనివారం శనివారం భజన ఉంటాది కదా, అందులో మీ తాత తాళం వాయించేవాడు. గొంతు లేదుగానీ తాళం బాగుండేది. ఇదివరకు భజన అయ్యేక ప్రసాదం తిని వచ్చేసేవాడు. ఇప్పుడు అందరూ వెళ్ళిపోయినా ఇంకా చాప మీదే కూచుని, "అమ్మా, మీ ఇంట్లో పాత ఇండియా రూపాయి ఏదన్నా ఉందా?" అనడం. పాత రూపాయి ఇస్తే కొత్త రూపాయి ఇస్తాడు, పైన ఓ పాల డబ్బా. మీ పేరు రాసి లండన్‌లో అద్దాల బీరువాలో పెడతారని కూడా చెప్పేవాడు. ముసలమ్మలు మురిసిపోయేవారు. లండన్ వెళ్ళాలంటే మాటలా మరి, కనీసం పేరైనా వెళ్తాది కదా అని.

ఇంకో సంగతి. ఆ రూపాయల్ని కడక్కూడదు. దొర చెప్పేడుట, నాణేనికి పట్టిన నలుపే దాని వయసు, తుడిస్తే దాని ప్రాణం పోయినట్టే, ఎవడూ కొనడు, ఎవడూ చూడడు అని. ఒకరోజు బల్ల మీద ఓటి ఉంటే నేను ఊరికే పైట చెంగుతో తుడిచేను. పిల్లని కింద పడేసినట్టు కేక పెట్టేడు మీ తాత. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మనింట్లో గిన్నె నల్లగా ఉంటే అత్తలు తిడతారు, రూపాయి తెల్లగా ఉంటే మొగుడు తిడుతున్నాడు.

నల్లటి రూపాయికి రెండు పాల డబ్బాలు అని ఎప్పుడైతే తెలిసిందో, ఊళ్ళో ఆడవాళ్ళు ఊరుకుంటారా? మా పక్కింట్లో పోలమ్మ ఉండేది, కోళ్ళు పెంచేది, నోరూ పెద్దదే మనసూ పెద్దదే. కోడిగుడ్డు ఉడకబెట్టి, వేడి మీద చిదిపి, రూపాయితో పాటు సీసాలో వేసి మూత బిగించి పెడితే మర్నాటికల్లా రూపాయి నల్లగా అయిపోతాదని ఆవిడే కనిపెట్టింది. ఎలా తెలిసిందో ఏటో. ఇంక చూసుకో, భజన చేసుకునే శనివారం గుడ్డు ముట్టని ఇళ్ళల్లో కూడా శుక్రవారం గుడ్లు కొనేవారు. పోలమ్మ గుడ్ల ధర పెంచేసింది. అన్నీ వచ్చి నాతో చెప్పేది, నీ మొగుడికి చెప్పకు సుమా అనేది. నేను చెప్పలేదు. ఆయన భూతద్దం పెట్టుకుని, "చూసేవా లచ్చిమీ, నూరేళ్ళ నలుపు" అంటుంటే నేను అవునవునని అనేదాన్ని. ఆ నూరేళ్ళ నలుపు నిన్న శుక్రవారం నాటిది.

ఇప్పుడు అసలు రూపాయి దగ్గరికి వస్తాను. మా అత్త పేరు అప్పలమ్మ. ఆవిడ దగ్గర ఓ రూపాయి ఉండేది, కుంపిణీ వాళ్ళ కాలంనాటిది. ఆవిడ అత్తకి వాళ్ళత్త ఓడ మీద తెచ్చిందిట. ఏటా సింహాద్రి అప్పన్న పూజకి కలశంలో వేసేది ఆ రూపాయే, శనివారాలు దీపం దగ్గర పెట్టేదీ అదే. పూజ రోజు పొద్దున్న దాన్ని చింతపండూ పొయ్యి బూడిదా పెట్టి తోమాలి. తోమేది ఇంటి కోడలు. కొత్త కోడలు వచ్చిన ఏడు అత్త ఆ రూపాయి తీసి ఆవిడ చేతిలో పెడతాది, అప్పట్నుంచీ అది ఆవిడ పని. నేను వచ్చిన ఏడు నా చేతిలో పెట్టింది. అప్పటిదాకా ఆ ఇంట్లో చుట్టంలా కూచునేదాన్ని. ఆ రోజు గట్టు మీద కూచుని బొటనవేలు నొప్పెట్టేదాకా తోమేను, అత్త చూసి ఇంక చాలులే పిల్లా అంది. ఆ తరవాత పోపుల డబ్బా ఎక్కడుందో నన్ను అడగడం మొదలెట్టింది. అంటే నేను ఆ ఇంటిదాన్నయిపోయినట్టే.

అన్నేళ్ళు అంతమంది కోడళ్ళు తోమితే రాజు తల ఏం మిగులుతాది చెప్పు? ముక్కు పోయింది, చెవి పోయింది. మొహం ఉన్నచోట కాస్త గుబ్బగా ఉండేది, అంతే. అంచు మీద మాత్రం అక్షరాలు మిగిలేయి. మీ తాత ఓ శనివారం భూతద్దం పెట్టి ఆ అంచు చూసేడు. చూసి, దొర ఇచ్చిన నాణేల పుస్తకం తెచ్చి మళ్ళీ చూసేడు. ఏదో చిన్న అక్షరం ఉందిట అక్కడ. ఆ అక్షరం ఉన్నవి లోకం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చుట. దొరకి అది లేదుట. పదేళ్ళుగా వెతుకుతున్నాట్ట.

వాళ్ళమ్మని అడిగేడు. ఆవిడ బియ్యం చేటలో చెయ్యి ఆపకుండానే, అది దేవుడిది నాయనా అంది. ఈయన వదిలితేగా. రేకు గురించి చెప్పేడు, కాంక్రీటు గురించి చెప్పేడు, నువ్వు ముసలిదానివి, తుఫానుకి తడుస్తున్నావు అన్నాడు. బదులు ఇంకో రూపాయి తెస్తా, ఇంకా మెరిసేది తెస్తా అన్నాడు. అంతా విని అత్త, "మెరిసేది నువ్వు తేవడమేట్రా, మేము తోమితే మెరిసింది" అంది. అక్కడితో మాట అయిపోయింది. ఆవిడ ఒకసారి కాదంటే ఇంక కాదు, మీ నాన్నకి ఆ మొండితనం అక్కణ్ణించే వచ్చింది.

తరవాత కొన్నాళ్ళకి మీ తాత ఎగురుకుంటూ వచ్చేడు. దొర ఊరెళ్ళిపోతున్నాట్ట, వెళ్ళేముందు ఒక ఆదివారం మనింటికి భోజనానికి వస్తాట్ట, నీ నాణేలు చూస్తానన్నాట్ట. పెట్టె పెట్టెంతా దొర చేతిలో పెట్టెయ్యాలని ఈయన అనుకుంటున్నాడు. పెడితే పేరు రాయకుండా ఎలా వెళ్తాడు?

ఇంక ఇల్లు చూడాలి. గోడలకి సున్నం. కుర్చీలు నాలుగిళ్ళ నుంచి నాలుగు, ఒకదానికొకటి పోలిక లేదు. ముళ్ళ చెంచాలు గుడి పక్క మేష్టారింట్లో అడిగి తెచ్చేడు, దేంతో ఏది తినాలో నాకు పాఠం చెప్పేడు. దొర కారం తినడు, కోడికూరలో మిరపకాయ వెయ్యొద్దు అన్నాడు. మిరపకాయ లేని గాతోపిమా చెయ్యమన్నాడు నన్ను. గాతోపిమా అంటేనే మిరపకాయ వడ కదమ్మా, అందులోంచి మిరపకాయ తీసేస్తే ఇంకేటుంటాది? అమ్మని మాత్రం వంటింట్లోనే ఉండమని చెప్పు అన్నాడు నాతో. తనే చెప్పొచ్చు కదా, చెప్పడు. నేను ఆ మాట చెప్పలేదు, మింగేసేను.

శనివారం మీ తాత సీసా కొనడానికి క్యూర్‌పైప్ వెళ్ళేడు. దొరలు తిండితో తాగుతారు కదా, అది. నేను సాయంత్రం దీపానికి సామాను సర్దుతూ పూజ గూట్లో చెయ్యి పెట్టేను. రూపాయి లేదు. పసుపు గిన్నెలో చూసేను, పళ్ళెం కింద చూసేను. వెళ్ళి పెట్టె మూత తీసేను. మధ్య గుంటలో ఉంది. చుట్టూ నలభై నల్లటివి, మధ్యన మా రూపాయి ఒక్కటే తెల్లగా.

ఏం చెయ్యమంటావు నన్ను? తీసేస్తే రేపు దొర ముందు ఆయన పరువు పోతాది, ఉద్యోగమూ పోతాది. తియ్యకపోతే అది ఓడెక్కి వెళ్ళిపోతాది, ఇంక ఈ జన్మకి రాదు. నాకు అప్పటికి ఇరవై కూడా లేవు. మూత పట్టుకుని అక్కడే నిలబడిపోయేను. వెనకాల అత్త ఎప్పుడొచ్చిందో నాకు తెలీదు.

ఆవిడ పెట్టెలోకి చూసింది. తిట్టలేదు, శపించలేదు. పైట బిగించి, "రేపు ఇంటికి పెద్దమనిషి వస్తున్నాడు కదా. ఇంత మురికివి ఎలా చూపిస్తామే? చింతపండు నానబెట్టు" అంది.

కడక్కూడదత్తా అని నోటిదాకా వచ్చింది. ఆవిడకీ తెలుసు కడక్కూడదని, ఆయన కేక పెట్టినప్పుడు అక్కడే ఉంది. మొహం చూస్తే మాత్రం ఏమీ తెలియనట్టు, రేపటి చుట్టానికి చెంబు తోముతున్నట్టే ఉంది. నేను చింతపండు నానబెట్టేను. కొంచెం కాదు, పులిహోరకి నానబెట్టినంత.

పెరట్లో గట్టు మీద ఇద్దరం కూచున్నాం. సన్నగా జల్లు పడుతోంది, పట్టించుకోలేదు. ఓ పది తోమేసరికి పోలమ్మ గోడ మీంచి చూసి, విషయం తెలుసుకుని, తనూ వచ్చి కూచుంది. నలుపు అంతా గిన్నెలోకి దిగిపోయింది. దిగేక చూద్దుము కదా, నూరేళ్ళవీ నూటపాతికేళ్ళవీ అని ఆయన మురిసిపోయినవాటి మీద అంకెలు బయటపడ్డాయి. సగానికి సగం మీ తాత పుట్టేక పోసినవే. యుద్ధంలోంచి తిరిగొచ్చిన సిపాయిలు జేబులో తెచ్చుకున్నవి. ఒకటైతే మీ తాత కంటే పదేళ్ళు చిన్నది. పోలమ్మ నవ్వి నవ్వి గట్టు మీంచి జారింది. నేనూ నవ్వేను, నవ్వుతూనే భయపడ్డాను. తోమినవి తుడిచి, మళ్ళీ ఏ గుంటలోది ఆ గుంటలో పెట్టేసేం. మధ్యది మాత్రం అత్తే తోమింది. ఆఖరికి ఒక్కోదానికీ కాస్త పసుపు రాద్దామా అంది పోలమ్మ, అది మరీ ఎక్కువవుతాదని నేనే వద్దన్నాను.

మీ తాత సీసా పట్టుకుని చీకటిపడే వేళకి వచ్చేడు. ఆ రాత్రి నేను తలనొప్పి అని ముసుగు పెట్టుకుని పడుకున్నాను. అడిగితే ఏం చెప్పాలో తెలీదు కదా. ఆయన ఏమీ అడగలేదు.

ఆదివారం దొర కారు దిగేడు. ఊళ్ళో పిల్లాజెల్లా అంతా ఆ కారు చుట్టూ. నేను క్రియోల్లో బోంజూర్ మిసే అని దండం పెట్టేను. మనిషి మంచివాడే, నిజం చెప్పుకోవాలి. నన్ను చూసి టోపీ తీసేడు. కారం లేని కూర తిని బాగుందన్నాడు, మిరపకాయ లేని గాతోపిమా కూడా తిన్నాడు పాపం. అయ్యేక చేతులు తుడుచుకుని, జేబులోంచి భూతద్దం తీసి, ఏదీ చూద్దాం అన్నాడు.

మీ తాత పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీసేడు.

అబ్బ, ఎలా మెరిసేయనుకున్నావు. కిటికీలోంచి కాస్త ఎండ వచ్చి పడింది, దొర కళ్ళు మూసుకోవలసి వచ్చింది. ఆ మొహం నేను మర్చిపోలేను. ఎవరో పోయేరని కబురు వచ్చినవాడిలా అయిపోయేడు. ఒకటి తీసి చూసేడు, పెట్టేసేడు. ఇంకోటి తీసేడు, పెట్టేసేడు. ఆఖరికి ఇంగ్లీషులో ఏదో అడిగేడు. నాకు అర్థం కాలేదు, తరవాత మీ తాత చెప్పేడు, "వీటిని ఎవరు చంపేరు?" అని అడిగేట్ట.

వంటింటి గుమ్మంలో అత్త వచ్చి నిలబడింది. "ఏమంటున్నాడ్రా?" అంది.

"చాలా శుభ్రంగా ఉన్నాయంటున్నాడు."

"మరి తల అలా అడ్డంగా ఊపుతున్నాడేం?"

"సంతోషం వేస్తే వాళ్ళు అలాగే ఊపుతారమ్మా" అన్నాడు మీ తాత. ఆయన చెవులు ఎర్రగా అయిపోయేయి.

దొర ఆఖర్న మధ్య గుంటలోది తీసేడు. అద్దం పెట్టి అంచు చూసేడు. ఆ అక్షరం కనిపించినట్టుంది, ఊపిరి పీల్చేడు. మళ్ళీ ఇటు తిప్పి రాజు మొహం ఉండాల్సిన చోటు చూసేడు. ఆ ముందటేడాది నేను తోమినప్పుడు కాస్త గుబ్బ మిగిలిందన్నానా, అది కూడా లేదు. అత్త బొటనవేలికి ఎంత బలముండేదో అప్పుడు తెలిసింది. ఇది ఇంక నాణెం కాదు, వెండి బిళ్ళ అన్నాట్ట దొర.

అత్త నడిచొచ్చి అరచెయ్యి చాపింది. దొర ఆవిణ్ణీ చూసేడు, మీ తాతనీ చూసేడు. మరి ఏం అర్థమయిందో, లేచి నిలబడి ఆ రూపాయి ఆవిడ అరచేతిలో పెట్టేడు. ఆవిడ చెంగున ముడేసుకుని, "వెళ్ళేటప్పుడు కాస్త చింతపండు పట్టుకెళ్ళమను. ఇంటిదగ్గర నల్లవి ఇంకా చాలా ఉన్నాయిట కదా" అంది. మీ తాత ఆ మాట ఇంగ్లీషులో చెప్పలేదు. నేను పొట్లం కట్టి కారులో పెట్టించేననుకో.

దొర వెళ్ళిపోయేడు. హెడ్ క్లర్కుగా వేరే ఎవర్నో రాసి వెళ్ళేడు. మీ తాత నాతో పదిరోజులు మాట్లాడలేదు. కంచం ముందు కూచుని గోడకేసి చూసి, ఉప్పు తక్కువైంది అని గోడకి చెప్పేవాడు. గోడ వంక చూస్తూనే నేనూ ఉప్పు వేసేదాన్ని. అత్త మాత్రం ఆ నలభైనీ ఎవరివి వాళ్ళకి ఇచ్చిరమ్మని పంపింది. పాల డబ్బాలు తిరిగి అడగొద్దంది. మీ తాత తల వంచుకుని ఇల్లిల్లూ తిరిగేడు. రూపాయలు తళతళలాడుతున్నాయి కదా, ముసలమ్మలు ఆనందం పట్టలేకపోయేరు. లండన్‌లో తోమించి తెచ్చేడని ఒకావిడ ఊరంతా చెప్పింది. ఇంకో ఇంట్లో ఇత్తడి బిందె కూడా ఇచ్చి, నాయనా దీన్ని కూడా అలాగే చేసి పెట్టు అంది.

తరవాత మన జెండా వచ్చింది. ఆ ఆఫీసుకి మోకా ఊరి నుంచి మన మనిషే పెద్దగా వచ్చేడు. ఆయనకి స్టాంపులంటే ఇష్టం. మీ తాత ఆ వారమే ఓ ఖాళీ పుస్తకమూ జిగురు సీసా కొన్నాడు. నువ్వు నవ్వుతావు, నేను తల కొట్టుకున్నాను. ఆ స్టాంపులు గోడకి అంటుకున్నవి ఇంకా స్నానాల గదిలో ఓ రెండు ఉండాలి.

అత్త మన జెండా చూడలేదు. అంతకి ముందు వానల్లోనే జ్వరం వచ్చి పోయింది. రేకు ఇంట్లోనే పోయింది. ఆ ముక్క తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటాది. కాంక్రీటు తరవాత మీ నాన్న వేయించేడు.

ఆవిడ పోయేక మొదటి అప్పన్న పూజ వచ్చింది. ముందురోజు కత్తిపీట మీద నా బొటనవేలు తెగింది, చింతపండు తగిలితే భగ్గుమంటాది. ఇంట్లో ఇంకో ఆడదిక్కు లేదు. నేను గుడ్డ కట్టుకుని ఎలాగో తోముదామని కూచుంటే, మీ తాత వచ్చి నా చేతిలోది తీసుకున్నాడు. పంచె ఎగ్గట్టి గట్టు మీద కూచుని తోమడం మొదలెట్టేడు. నాణేన్ని కడక్కూడదని కేక పెట్టిన మనిషి. ఎలా తోమాలో కూడా తెలీదు, బూడిద అంతా మోచేతులకి పూసుకున్నాడు.

తోముతూ తోముతూ, "లచ్చిమీ, ఆ శనివారం నేను వచ్చి పెట్టె మూత తీసి చూసేను" అన్నాడు.

అదేమిటండీ, చూసి కూడా మర్నాడు దొర ముందు ఎలా తెరిచేరు, భోజనం మానిపించొచ్చు కదా, జ్వరమని చెప్పొచ్చు కదా అన్నాను.

"అమ్మని అడక్కుండా తీసేను. తీసినప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. తిరిగి గూట్లో పెడదామంటే దొరకి మాట ఇచ్చేసేను. మీరు తోమేసేరు కదా, ఇంక వాడు తీసుకోడులే అనుకున్నాను" అన్నాడు.

అలాగైతే నాతో పదిరోజులు ఎందుకు మాట్లాడలేదని అడిగేను. కుర్చీ పోయింది కదా, కోపం ఎవరిమీదో ఒకరిమీద చూపించాలి కదా అన్నాడు. నిజాయితీగానే చెప్పేడు. అలాంటి మనిషి మీద ఏం కోపం వస్తాది?

తల ఎత్తకుండా అడిగేడు, "అమ్మకి తెలుసా, నేనే తీసేనని? ఆవిడ పోయేదాకా నాతో ఒక్క ముక్క అనలేదు."

అప్పుడు చెప్పేను. అప్పటిదాకా నేను ఎవరికీ చెప్పని మాట. ఆ శనివారం పోలమ్మకి వినపడకుండా, మధ్యది తోముతూ అత్త నాతో అంది, "నాకు తెలిసిందని వాడికి చెప్పకే. సిగ్గుపడతాడు."

మీ తాత తోమడం ఆపేడు. ఆ చింతపండు చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. మంట పుట్టి ఇంకా నీళ్ళు వచ్చేయి. చింతపండు వల్లే అన్నాడు. నేను అవునన్నాను, నీళ్ళు తెచ్చి ఇచ్చేను, ఆయన కడుక్కునేదాకా పక్కనే నిలబడ్డాను...

ఇంక చాలు తల్లీ, గొంతు పట్టేసింది. నీ చదువు నీకు కలిసిరావాలి. నువ్వు ఏ ఇంట్లో ఉన్నా, నువ్వు చేసిన తప్పు తెలిసి కూడా నీ సిగ్గు కాపాడే మనిషి ఒకరు ఆ ఇంట్లో ఉండాలి. ఇంకొకరికి నువ్వూ అలా ఉండాలి మరి. అదుగో చినుకులు మొదలయ్యేయి, తాడు మీద బట్టలున్నాయి, ముందు అవి తియ్యి... ఆ ఫోను ఇంకా వింటోందా ఏటి?